గూడ్స్ వ్యాగన్‌కి గాలి చాలా, చలి కూడా కావాలా?

ఉల్లిబస్తా:
పండ్లు, కూరగాయలు, గడ్డలు వేసే ప్రతి వ్యాగన్‌లోనూ ఉష్ణోగ్రత నియంత్రణ తప్పనిసరి చేయాలని నా వాదన. పక్కగోడలకు జాలీలు, రెక్కలు బిగించి ‘గాలి ఆడే వ్యాగన్’ అని పేరు పెడితే సరిపోదు. బయట 40 డిగ్రీలు ఉంటే ఆ జాలీల్లోంచి వచ్చేది 40 డిగ్రీల గాలే. దాంతో సరుకును ఎలా కాపాడతారు? కోసిన పండు ప్రాణం లేని వస్తువు కాదు. అది ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి రెండు మూడింతలవుతుంది. పైగా బండి కదిలినంతసేపే గాలి. యార్డులో ఆగిందంటే ఆ రేకు పెట్టె ఉడికిపోతుంది. నా ఉల్లి సరుకు అలాగే పోయింది, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

దారినపోయేవాడు:
నూటికి నూరు పాళ్ళూ నిజం. రీఫర్, అంటే చల్లబరిచే యంత్రం ఉన్న వ్యాగన్, తప్ప వేరే దారి లేదు.

బ్రేక్‌వ్యాన్:
నేను ముప్ఫై ఏళ్ళు గూడ్స్ గార్డుగా చేశాను. అన్ని సరుకులకూ ఒకే మందు లేదండీ. అరటికి 13, 14 డిగ్రీలు కావాలి. అంతకన్నా చలి తగిలితే తొక్క నల్లబడిపోతుంది, తర్వాత సరిగ్గా పండదు. ఆపిల్‌కి సున్నా దగ్గర బాగుంటుంది. ఈ రెండూ ఒకే వ్యాగన్‌లో వేసి ‘నియంత్రణ’ అంటే ఏ డిగ్రీకి నియంత్రిస్తారు? పైగా ఆపిల్ వదిలే ఎథిలిన్ వాయువు అరటిని ముందే పండించేస్తుంది. ఇక ఉల్లి, వెల్లుల్లి లాంటి వాటికి దారిలో ఉండే నాలుగైదు రోజుల్లో ముఖ్యంగా కావలసింది పొడి గాలి. మూసేసిన పెట్టెలో యంత్రం పెట్టి, అది దారి మధ్యలో ఆగిపోతే? జాలీ వ్యాగన్‌లో పాడయ్యే భాగం లేదు. రీఫర్‌లో డీజిల్ అయిపోవచ్చు, కంప్రెసర్ ఆగవచ్చు. అప్పుడు లోపల గాలి కూడా ఉండదు. సరుకు మొత్తం పోతుంది.

ఉల్లిబస్తా:
యంత్రం పాడవుతుందని యంత్రమే వద్దంటే ఇంజను కూడా వద్దనాలి కదా. నేను అడిగిన దానికి జవాబు రాలేదు. బండి ఆగినప్పుడు జాలీలోంచి గాలి ఎలా వస్తుంది?

బ్రేక్‌వ్యాన్:
కొంత వస్తుంది. లోపలి వేడి గాలి పైకి లేచి పై రెక్కల్లోంచి పోతుంది, కింద నుంచి కొత్త గాలి చేరుతుంది. బస్తాల మధ్య సందు వదిలి పేర్చాలి, అంతే.

ఉల్లిబస్తా:
సందు వదిలి ఎవరు పేరుస్తున్నారు? బండి ఆగితే గాలి ఆగుతుంది. అది ఒప్పుకోండి ముందు.

బ్రేక్‌వ్యాన్:
తగ్గుతుంది అన్నాను. ఆగదు.

మంచుబిళ్ళ:
చరిత్ర తెలిసినవాణ్ణి కాబట్టి ఒక మాట. గాలీ చలీ ఎప్పుడూ పోటీదారులు కావు. 1868లో డెట్రాయిట్‌కు చెందిన విలియం డేవిస్ మంచు వ్యాగన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అందులో మంచూ ఉప్పూ కలిపిన మిశ్రమం మీదుగా మాంసాన్ని కడ్డీలకు వేలాడదీసేవారు. మలుపు వస్తే ఆ బరువంతా ఒక పక్కకు ఊగి వ్యాగన్లు పట్టాలు తప్పాయి, వాడకం మానేశారు. తర్వాత 1878లో గుస్తావస్ స్విఫ్ట్ కోసం ఆండ్రూ చేజ్ చేసిన డిజైన్ నిలబడింది. ఎందుకు? మంచును పైభాగంలో పెట్టి, గోడలకు మంచి ఇన్సులేషన్ ఇచ్చి, చల్లని గాలి తన బరువుకి తనే కిందికి దిగేలా దారి చేశాడు. అంటే అది చలిని గాలితో నడిపించిన వ్యాగన్.

ఆ తర్వాత వచ్చిన పండ్ల వ్యాగన్లలో మంచు గదులు రెండు చివర్లా ఉండేవి, కప్పు మీద మూతలు ఉండేవి. మంచు వేసినప్పుడు మూతలు బిగిస్తారు. చల్లని రోజుల్లో మంచు వేయకుండా మూతలు తెరిచి పంపితే అదే వ్యాగన్ గాలి వ్యాగన్ అవుతుంది. గడ్డకట్టే చలిలో బంగాళాదుంపలు పంపాలంటే అదే గదిలో బొగ్గు కుంపటి పెట్టేవారు. ఒకే వ్యాగన్, మూడు పనులు. ఇక ఆగిన బండి గురించి మీరిద్దరూ పట్టుబడుతున్నారు కాబట్టి చెబుతున్నా. 1940లలో మంచు వ్యాగన్లకు చక్రంతో తిరిగే ఫ్యాన్లు పెట్టారు. చక్రం ఆగితే ఫ్యానూ ఆగేది. అంటే ఈ సమస్య ఒక్క జాలీ వ్యాగన్‌దే కాదు.

ఉల్లిబస్తా:
చూశారా, వాళ్ళకు వందేళ్ళ కిందటే చలి అవసరమని తెలిసింది.

బ్రేక్‌వ్యాన్:
మూతలు తెరిచి గాలితో కూడా పంపారని ఆయన రాసింది మీరు చదవలేదా?

పచ్చజెండా:
ఇద్దరూ మీకు కావలసిన ముక్కే చదువుతున్నారు.

సర్వేచూపు:
నేను సరుకు నష్టాల సర్వేయర్‌ని. పండ్ల గురించే కొట్టుకుంటున్నారు, తేమ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను చూసే నష్టాల్లో ధాన్యం, కాఫీ గింజలు, కోకో బస్తాలు చాలా ఉంటాయి. వాటికి చలి అక్కర్లేదు. పగలు వెచ్చగా నింపిన బస్తాల నుంచి తేమ లేస్తుంది, రాత్రి కప్పు రేకు చల్లబడుతుంది, ఆ తేమ రేకు లోపలివైపు చుక్కలు కట్టి మళ్ళీ బస్తాల మీదే కురుస్తుంది. వాన పడలేదు, కప్పుకి చిల్లు లేదు, అయినా పై వరస బూజు పట్టి ఉంటుంది.

‘అయితే ఎప్పుడూ రెక్కలు తెరిచి ఉంచుదాం’ అనుకోకండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 26 డిగ్రీల దగ్గరే నీరు వదలడం మొదలుపెడుతుంది. లోపల సరుకు 20 డిగ్రీల దగ్గర ఉంటే ఆ గాలిని మనమే లోపలికి పిలిచి సరుకు మీద నీళ్ళు చల్లినట్టే. ఓడల్లో ధాన్యానికి ఒక పాత లెక్క వాడతారు: లోడింగ్ నాటి సరుకు వేడి కన్నా బయటి గాలి కనీసం 3 డిగ్రీలు చల్లగా ఉంటేనే గాలి ఆడించాలి. వ్యాగన్ రెక్కలకు ఆ లెక్క చూసేవాడు ఎవరు? తెరిచారా లేదా అన్నదే కాదు, ఎప్పుడు తెరిచారన్నది కూడా చూడాలి.

దారినపోయేవాడు:
ఇది కొత్త విషయం. థాంక్స్ సార్.

ఉల్లిబస్తా:
సర్వేయర్ గారూ, గౌరవంతోనే అంటున్నా. మీరు చెప్పింది నా వాదనకే బలం. మనిషి చూసి తెరవడం, మూయడం కుదరదు కాబట్టే యంత్రం కావాలి. 1970లో జెనీవాలో ఏటీపీ ఒప్పందం కుదిరింది. పాడయ్యే ఆహారం మోసే వాహనాల గోడల నుంచి ఎంత వేడి దాటవచ్చో కూడా అంకెల్లో రాశారు. మామూలు ఇన్సులేషన్‌కి 0.7, గట్టిదానికి 0.4 అనుకుంటా. రైలు వ్యాగన్లకూ వర్తిస్తుంది.

సర్వేచూపు:
అంకెలు సరైనవే, చదరపు మీటరుకు, డిగ్రీకి వాట్లలో. కానీ ఆ ఒప్పందం జాబితాలో మాంసం, పాలు, చేపలు, గడ్డకట్టించిన పదార్థాలు వంటివి ఉన్నాయి. కోసింది కోసినట్టు పంపే తాజా పండ్లు, కూరగాయలు అందులో లేవు. మీ ఉల్లికి అది అక్కరకు రాదు.

బ్రేక్‌వ్యాన్:
ఉల్లిబస్తా గారూ, ఒక్క ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోకండి. మీ సరుకు లోడ్ చేసేటప్పుడు ఉల్లి మెడలు, అంటే గడ్డ పైన ఆకు మొదలయ్యే చోటు, ఎండాయా? పచ్చి మెడతో నింపితే ఏ వ్యాగన్ అయినా ఒకటే. కుళ్ళు మెడలోంచే దిగుతుంది.

ఉల్లిబస్తా:
ఇదిగో, ఇదే. ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట. నష్టపోయినవాడినే నేరస్థుణ్ణి చేయడం. రెండు తరాలుగా ఉల్లి వ్యాపారం చేస్తున్న ఇల్లు మాది. మెడ ఎండిందో లేదో నాకు మీరు చెప్పాలా? ఎండబెట్టి, ఏరి, బస్తాలకు ఎత్తాం. నాలుగు రోజుల్లో చేరాల్సిన బండి తొమ్మిది రోజులకు చేరింది. తలుపు తీస్తే వాసనకి కూలీలు వెనక్కి వెళ్ళిపోయారు. పక్క రెక్కలన్నీ మూసి ఉన్నాయి. మూసి ఉన్నాయి సార్! మీరు ‘గాలి చాలు’ అంటున్న ఆ రెక్కలే. మూసిందెవరు?

బ్రేక్‌వ్యాన్:
మీ బండి నాది కాదు. కానీ మూసింది నాలాంటివాడే అయి ఉంటాడు, ఎందుకు మూశాడో కూడా చెప్పగలను. ఒక వర్షాకాలంలో నా బండిలో రెక్కలు తెరిచి ఉన్నాయి. వాన ఏటవాలుగా కొడుతోంది, బస్తాలు తడుస్తున్నాయి. స్టేషన్ నుంచి మూయమన్నారు, మూశాను. వాన తగ్గాక తెరవమని ఎవరూ చెప్పలేదు. నా డ్యూటీ మారింది, వేరే గార్డు ఎక్కాడు. రెండు రోజుల తర్వాత సరుకు పాడైందని విచారణ వేశారు. రాతపూర్వకంగా ఆదేశం ఏదని నన్నే అడిగారు. నా దగ్గర కాగితం లేదు. ఇంక్రిమెంట్ ఆపారు. అదే మరోసారి మూయకుండా వదిలేస్తే తడిసిన సరుకుకి కూడా నేనే దొరికేవాణ్ణి. అందుకే ‘ఎవరు మూశారు’ అని మీరు అడుగుతుంటే నాకు గుండెలో గుచ్చుకుంటుంది.

పచ్చజెండా:
ఇప్పుడు మాటల్లో అసలు సంగతి బయటపడుతోంది.

మంచుబిళ్ళ:
మధ్యలో ఒక లెక్క చెప్పనివ్వండి, ఇది లేకుండా రీఫర్ మీద మోజు తగ్గదు. 40 టన్నుల పండ్లు 35 డిగ్రీల దగ్గర వ్యాగన్‌లోకి ఎక్కించారనుకోండి. వాటిని 13 డిగ్రీలకు దించాలంటే తీయాల్సిన వేడి సుమారు తొమ్మిదిన్నర టన్నుల మంచును కరిగించేంత. 10 కిలోవాట్ల చలి ఇచ్చే యంత్రం ఆగకుండా నడిచినా మూడున్నర రోజుల పైనే పడుతుంది, అదీ పండ్లు ఊపిరితో పుట్టించే వేడి లెక్కలోకి తీసుకోకుండా. అప్పటికి బండి గమ్యం చేరిపోతుంది. రీఫర్ వ్యాగన్ ఉన్న చలిని నిలబెట్టడానికి చేసింది, వేడి సరుకును చల్లార్చడానికి కాదు. అందుకే పెద్ద ఎత్తున పండ్లు పంపేచోట లోడింగ్‌కి ముందే చల్లబరుస్తారు. అది లేకుండా వ్యాగన్ మార్చి ఉపయోగం లేదు.

ఉల్లిబస్తా:
మీ లెక్క ఒప్పుకుంటా. కానీ నాకు కావలసింది వేరు. ఇన్ని రోజులుగా నేనే సరిగ్గా చెప్పలేకపోయాను. నా క్లెయిమ్ తిరస్కరించారు. కారణం రెండే ముక్కలు: ‘సరుకు స్వభావ దోషం’. ఉల్లి కుళ్ళే స్వభావం ఉన్నదట, కాబట్టి కుళ్ళిందట. తొమ్మిది రోజులు, మూసిన రెక్కలు, ఇవేవీ లెక్కలోకి రాలేదు. వ్యాగన్ లోపల ఎంత వేడి ఉందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రీఫర్‌లో గంట గంటకూ ఉష్ణోగ్రత నమోదవుతుంది. నేను రీఫర్ అడుగుతున్నది ఆ నమోదు కోసం. చలి కోసం కాదు. సరే, చలి కోసం కూడా, కానీ ముందు అది.

సర్వేచూపు:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. దేశాల మధ్య రైలు రవాణాకు వాడే సీఐఎం నియమాల్లో 23వ ఆర్టికల్ ఇదే చెబుతుంది. సరుకు నష్టానికి రవాణాదారుదే బాధ్యత. కానీ స్వభావ దోషం, ప్యాకింగ్ లోపం, పంపినవాడే లోడ్ చేయడం వంటివాటిలో తప్పించుకునే దారి ఉంది. అప్పుడు గొడవంతా రుజువు మీదే నడుస్తుంది. నేను తలుపు తీసేటప్పటికి నాకు కనిపించేది ఫలితమే. కుళ్ళు లోడింగ్ ముందే మొదలైందో, యార్డులో మొదలైందో వాసన చూసి చెప్పలేను. చెప్పమని ఇద్దరూ ఒత్తిడి పెడతారు.

బ్రేక్‌వ్యాన్:
అయితే యంత్రం దేనికండీ? వేడిని దానంతటదే నమోదు చేసుకునే, అరచేతిలో పట్టే లాగర్ చాలు. లోడింగ్ ముందే గడ్డ లోపల సూది గుచ్చి వేడి చూడండి, ఆ అంకె బిల్లు మీద రాయించండి. ఒక లాగర్ బస్తాల నడిమధ్య, ఒకటి కప్పు కింద. రెక్కలు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది గార్డు రాసి సంతకం పెట్టడానికి ఒక కార్డు. అలాంటి కార్డు ఉండి ఉంటే ఆ రోజు నా ఇంక్రిమెంట్ పోయేది కాదు.

ఉల్లిబస్తా:
లాగర్ పెట్టడానికి నేను సిద్ధం. అయితే అందులో సరుకు ఎక్కేటప్పుడే వేడిగా ఉందని తేలితే?

బ్రేక్‌వ్యాన్:
తేలితే తేలనివ్వండి. మీ మెడలు ఎండాయని మీరే అన్నారు కదా.

ఉల్లిబస్తా:
ఎండాయి. నేను భయపడటం లేదు. కానీ నా సొంత లాగర్ చూపిస్తే ‘నువ్వు పెట్టుకున్న పరికరం’ అని తోసేస్తారు. లోడింగ్ అప్పుడు ఆ అంకె చూసి వాళ్ళ మనిషి కూడా పక్కన సంతకం పెట్టాలి. పెడతారా? మీరు ముప్ఫై ఏళ్ళు చేశారు, మీరు పెట్టేవారా?

బ్రేక్‌వ్యాన్:
నా మీద విచారణ జరగకముందు అడిగితే పెట్టేవాణ్ణి. తర్వాత అయితే, పై నుంచి రాతలో చెప్తే తప్ప పెట్టేవాణ్ణి కాదు.

దారినపోయేవాడు:
మరి పై నుంచి రాతలో రావాలంటే ఎవరిని అడగాలి?