సఫారీలో మూడు కాలమ్‌ల పేజీ: కార్డు నీడ తెగి పక్క కాలమ్‌లో పడుతోంది

సీఎస్ఎస్‌తో (వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) పుస్తకాల జాబితా పేజీ ఒకటి చేస్తున్నాను. మొత్తం 14 కార్డులు (ఒక్కో పుస్తకం వివరాలుండే పెట్టెలు), ఒక్కోటి ఒక్కో ఎత్తు. కంటెయినర్ వెడల్పు 1080 పిక్సెల్స్, కాలమ్-కౌంట్ (నిలువు వరుసల సంఖ్య) 3, కాలమ్-గ్యాప్ (వాటి మధ్య ఖాళీ) 24. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఇబ్బందేమీ లేదు. మ్యాక్‌లో సఫారీ తెరిస్తే మాత్రం ఐదో కార్డు రెండు ముక్కలయ్యేది: పుస్తకం పేరు మొదటి కాలమ్ అడుగున, రచయిత పేరు రెండో కాలమ్ పైన!

బ్రేక్-ఇన్‌సైడ్: అవాయిడ్ (కార్డుని మధ్యలో విడగొట్టొద్దనే సూచన) పెట్టాను, పాత వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) ప్రిఫిక్స్‌తో కూడా. మార్పు లేదు. కార్డుకి డిస్‌ప్లే: ఇన్‌లైన్-బ్లాక్, విడ్త్ 100 శాతం ఇచ్చాక తెగడం ఆగింది. కానీ ఇప్పుడు రెండో కాలమ్ మొదటి కార్డు పైఅంచు నీడ (బాక్స్-షాడో, బ్లర్ 12) తెగిపోయి, మొదటి కాలమ్ అడుగున సన్నటి బూడిదరంగు గీతలా కనిపిస్తోంది. 200 శాతం జూమ్ చేస్తే స్పష్టంగా తెలుస్తుంది. నీడ తీసేస్తే గీత పోతుంది, కానీ డిజైన్‌లో నీడ ఉండాల్సిందే.

కాలమ్‌ల బదులు సీఎస్ఎస్‌లోని వేరే అమరిక పద్ధతులైన గ్రిడ్, ఫ్లెక్స్ కూడా చూశాను. గ్రిడ్‌లో అడ్డ వరుసలు ఏర్పడి, పొట్టి కార్డుల కింద ఖాళీలు మిగులుతున్నాయి. ఫ్లెక్స్‌ని నిలువుగా పెడితే ఎత్తు ఫిక్స్ చేయాలి, అక్షరాల సైజు పెంచగానే లెక్క తప్పుతోంది. 14 కార్డుల కోసం జావాస్క్రిప్ట్ లైబ్రరీ తగిలించడం నాకైతే అతి అనిపిస్తోంది.

కాలమ్-కౌంట్ వదలకుండా, ఒక్క సీఎస్ఎస్‌తోనే సఫారీలో ఈ నీడ పక్క కాలమ్‌లోకి పోకుండా ఆపడం ఎలా?