ఇళ్ల గురించి రాసేవాళ్లకు: బ్రోషర్‌లో ఏది నమ్మాలి, ఏది కొలవాలి?

ప్రహరీగోడ: పత్రికల ప్రాపర్టీ పేజీకి ఫ్రీలాన్స్‌గా రాయాలనుకునేవాళ్ల కోసం ఈ చర్చ. రిపోర్టింగ్ వచ్చు, డిజైన్ చదవలేదు. బిల్డర్ ఇచ్చిన బ్రోషర్‌ని ఎంతవరకు వాడుకోవచ్చు?

టేపు30: ముందు వైశాల్యం సంగతి తేల్చుకోండి. బ్రోషర్‌లో పెద్దక్షరాల్లో ఉండేది సేలబుల్ ఏరియా. కారిడార్లు, లిఫ్టు, క్లబ్‌హౌస్ వాటా అందులోనే ఉంటాయి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియా వేరు: బయటి గోడలు, డక్టులు (పైపులు వెళ్లే ఖాళీలు), సొంత బాల్కనీ అందులోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. రేటు రెండు లెక్కల్లోనూ రాయాలి. 90 లక్షల ఫ్లాటుకి సేలబుల్ 1,500 చదరపు అడుగులు, కార్పెట్ 1,050 అనుకోండి. మొదటి లెక్కలో అడుగు 6,000, రెండో లెక్కలో దాదాపు 8,570. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే పైన 5 శాతం జీఎస్టీ, అంటే మరో నాలుగున్నర లక్షలు. "ఆరు వేలకే" అని హెడ్డింగ్ పెట్టేశాక ఇవన్నీ చివరి పేరాలో ఇరికించినా ఎవరూ చదవరు.

మండువా: గది కొలతల్లోనూ మెలిక ఉంది. ప్లాన్‌లో 12 అడుగులు అని ఉంటే అది గోడ మధ్య నుంచి మధ్యకా, లోపలి అంచు నుంచి అంచుకా అని అడగండి. ఒకవైపు 9 అంగుళాల గోడ, ఇంకోవైపు నాలుగున్నర అంగుళాల గోడ ఉంటే, మధ్య నుంచి మధ్యకి కొలిచిన 12 అడుగుల్లో లోపల మిగిలేది దాదాపు 11 అడుగుల 5 అంగుళాలే. ప్లాస్టరింగ్‌కి ఇంకో అంగుళం పోతుంది.

శాంపిల్ ఫ్లాట్‌కి వెళ్తే ముందు మంచం కొలవండి. క్వీన్ సైజు పరుపు 5 అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. గది పెద్దదిగా కనబడాలని పొట్టి మంచాలు వేయిస్తారు, తలుపులు ఊడదీసి పెడతారు. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక బీరువా తెరవడానికి చోటు మిగులుతుందా లేదా? పాఠకుడికి కావాల్సింది అది. "విశాలమైన పడకగది" అన్న మాట ఎవరికీ పనికిరాదు.

రెరా_చదువరి: రాసే ముందు మీ రాష్ట్ర రెరా సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడండి. మంజూరైన ప్లాన్, పూర్తిచేస్తామన్న తేదీ, గడువు పొడిగించారా అన్నవి చూసుకోండి. బ్రోషర్‌లో ఉన్న ఈతకొలను మంజూరైన ప్లాన్‌లో లేకపోతే అసలు కథ అదే. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నంబర్ లేదనగానే అక్రమం అని రాసేయకండి.

వాయవ్యం: "తూర్పు ఫేసింగ్" అంటే అపార్ట్‌మెంట్‌లో సింహద్వారం దిక్కే. అదే ఫ్లాట్‌లో బాల్కనీ పడమర వైపుంటే మే నెల సాయంత్రాలు హాలు ఉడికిపోతుంది. రెండూ విడివిడిగా రాయాలి. వాస్తు నమ్మేవాళ్లకి ఒకటి, ఏసీ బిల్లు కట్టేవాళ్లకి ఇంకోటి. ఫోన్ దిక్సూచిని ఇనుప గ్రిల్ పక్కన పెట్టి చూస్తే దిక్కు తప్పు చూపిస్తుంది. గది నడిమధ్య నిలబడి చూడండి.

గుంట121: కొలమానాలు కలిపేయకండి. ఎకరం 4,840 గజాలు, గుంట 121, సెంటు 48.4. అంకణం మాత్రం ఊరుని బట్టి మారుతుంది కాబట్టి పక్కన చదరపు అడుగులు వేయాల్సిందే.

ప్రహరీగోడ: బిల్డరే డబ్బులిచ్చి రాయించుకుంటానంటే?

రెరా_చదువరి: రాయొచ్చు, దానిమీద "ప్రకటన" అని ఉండాలి.

టేపు30: నేను ఒప్పుకోను. పత్రికలో సమీక్షలు రాసేవాళ్లు అదే ఊళ్లో బిల్డర్లకి ప్రకటనలు కూడా రాస్తుంటే, పైన ఏ ముద్ర వేసినా సమీక్షని నమ్మరు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

మండువా: ఇంకో రెండు విషయాలు. ఇంటీరియర్ డిజైనర్‌ని "ఆర్కిటెక్ట్" అని రాయకండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. నంబర్ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక ఇంటి ప్లాన్ అచ్చు వేయాలంటే ఇంటి ఓనరు ఊ అంటే చాలదు. గీసినవాళ్ల అనుమతి మెయిల్‌లో తీసుకుని, బొమ్మ కింద వాళ్ల పేరు వేయండి.