మా నాయన చేతి నుంచి ఫోన్ తీసేయడం న్యాయమేనా? పెద్దవాళ్లకు ఎలా చెప్పాలో సలహా ఇవ్వండి

ఆదోని ఆడబిడ్డ

మా నాయన ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. ఇప్పుడు అరవై ఆరేళ్లు. నేను పెళ్లయి బెంగళూరులో ఉన్నాను. అన్న ఆదోనిలోనే వేరు కాపురం.

పోయిన వారం నాయనకు ఫోన్ వచ్చింది. ముందు కొరియర్ ఆఫీసు అన్నారంట. మీ ఆధార్ మీద ముంబై నుంచి పార్సిల్ పోతోంది, అందులో మత్తుమందు దొరికింది అన్నారంట. తర్వాత వాట్సాప్ వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక పోలీసు బోర్డు. గది తలుపు వేసుకోమన్నారు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు, కాల్ కట్ చేస్తే గంటలో అరెస్టు అన్నారు. బజారు నుంచి వచ్చిన అమ్మ తలుపు ఎంత కొట్టినా తీయలేదు. భయపడి పక్కింటాయన్ని పిలిచింది. ఆ గలాటాకు అవతలివాళ్లే కట్ చేశారు. డబ్బు పోలేదు. కానీ బీరువాలోని పాస్‌బుక్ అప్పటికే మంచం మీద ఉంది.

అన్న ఆ సాయంత్రమే స్మార్ట్‌ఫోన్ లాక్కుని బటన్ ఫోన్ కొనిచ్చాడు. "నీకు ఇవన్నీ వద్దు" అన్నాడు. నాయన ఒక్క మాట కూడా అనలేదు. మార్కెట్ యార్డులో పత్తి రేటు చూసుకునేది దాంట్లోనే, మిల్లులో కలిసి పనిచేసినవాళ్ల గ్రూపు దాంట్లోనే, రాత్రి నా కూతురితో వీడియో కాల్ మాట్లాడేది కూడా దాంట్లోనే. ఇప్పుడు అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అమ్మ చెబుతోంది. అన్న చేసింది నాకు సరిగా అనిపించడం లేదు. అట్లని ఫోన్ తిరిగి ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

గుంతకల్లు రైల్వే

మీ అన్న చేసిందే కరెక్ట్ అమ్మా. మా పెద్దనాన్నకు బటన్ ఫోనే ఇచ్చినాం. ఇప్పుడు ఇంట్లో అందరికీ నిద్ర పడుతోంది.

కర్నూలు క్యాషియరమ్మ

తల్లీ, నేను కర్నూలులో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో చేసి రిటైరయ్యాను. మీ అన్న భయం నాకు అర్థమవుతుంది. గుంతకల్లు ఆయన మాట కూడా కొట్టిపారేయను. అయినా ఫోన్ లాక్కోవడానికి నా మనసు ఒప్పదు. కారణం చెప్తాను.

కోడుమూరు వైపు రైతు ఒకాయన ఉల్లిగడ్డలు అమ్మిన డబ్బు మా బ్రాంచిలోనే వేసుకునేవాడు. ఊరి గ్రూపులో ఎవరో పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు పెడితే నొక్కాడు. పేరు చివర డాట్ ఏపీకే అని ఉండే ఫైలు. అది ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయితే మనకొచ్చే మెసేజీలు, ఓటీపీలు దొంగలకు కనిపిస్తాయి. రాత్రికి రాత్రే డబ్బు పోయింది. పొద్దున్నే ఆయనకు తెలిసింది కూడా. కానీ ఇంట్లో చెప్పలేదు, బ్యాంకుకూ రాలేదు. కొడుకు తిడతాడని. అంతకుముందు ఒకసారి రీఛార్జి విషయంలో పదిమందిలో తిట్టాడంట. నాలుగో రోజు మా కౌంటర్ దగ్గరికి వచ్చి, మిగతావాళ్లంతా వెళ్లేదాకా పక్కన నిలబడి, అప్పుడు చెప్పాడు. అప్పటికి ఆ డబ్బు ఎక్కడెక్కడికో పోయింది. తిరిగి రాలేదు.

ఇందులో టైమ్ ఎంత ముఖ్యమో మీ అన్నకు వివరంగా చెప్పు. డబ్బు పోగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే వాళ్లు వివరాలు నమోదు చేసి, ఆ డబ్బు చేరిన బ్యాంకుకు వెంటనే పంపుతారు. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారు. వేరే బ్యాంకుకు మారి ఉంటే ఆ బ్యాంకుకు కబురు పోతుంది. దొంగలు వాడే ఖాతాలు చాలావరకు వాళ్ల పేరు మీద ఉండవు. కమీషన్‌కు ఆశపడి ఖాతా అప్పగించినవాళ్లవి. ఒకదాంట్లో పడిన డబ్బును నిమిషాల్లో నాలుగైదింటికి పంచి, ఏటీఎంలలో తీసేస్తారు. అందుకే మొదటి గంటలో చెప్పినవాళ్ల డబ్బు దొరికే అవకాశం ఎక్కువ. తిట్లకు భయపడే మనిషి మొదటి గంటలో నోరు విప్పడు. మీ నాయన ఇప్పుడు మౌనంగా ఉన్నాడంటున్నావు చూడు, నాకు అసలు భయం అక్కడే.

ఆయనకు ముందు ధైర్యం చెప్పండి. మీ నాయనకు చేసినట్టు వీడియో కాల్‌లోనే అరెస్టు పేరుతో కట్టిపడేసే ఈ డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాటే చెప్పారు. విచారణకు రమ్మనే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ కాల్స్‌కు చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు కూడా లోబడి లక్షలు పోగొట్టుకున్నారు. తనొక్కడే అమాయకుడు కాదని ఆయనకు తెలియాలి.

ఫోన్ మీ అన్నే తిరిగి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు "ఎంత పోయినా నేను తిట్టను నాయనా, మొదటి ఫోన్ నాకే చెయ్యి" అని ఆయన నోటితోనే అనాలి. ఆ మాట నువ్వు బెంగళూరు నుంచి అంటే సరిపోదు.

ఇచ్చే ముందు కొన్ని పనులు చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టుకోవచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. లింక్డ్ డివైసెస్‌లో తెలియని ఫోనో కంప్యూటరో ఉంటే తీసేయండి. వాట్సాప్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఆఫ్ చేయండి. అన్నిటికంటే ముఖ్యం, పొదుపు డబ్బు ఒక ఖాతాలో, ఫోన్‌పే లాంటివి ఇంకో చిన్న ఖాతాలో ఉంచండి. చిన్న ఖాతాలో నెల ఖర్చులకు మించి పెట్టకండి. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదని ఆయన చేత ఒకటి రెండు సార్లు చేయించి చూపించండి.

కడప కోడలు

అక్కా, క్యాషియరమ్మ చెప్పిన దానికి నాదొక మాట. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. పోయిన ఏడాది మా అత్తకు కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, నేనే, ఇక్కడ పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు" అని ఏడుపు. గొంతు అచ్చం ఆయనదే అనిపించిందంట. ఆయన రీల్స్ పెడుతుంటాడు, వాటిలోంచి గొంతు తీసుకుని కంప్యూటర్‌తో అచ్చం అట్లే మాట్లాడించడం ఏమంత కష్టం? మేము ముందే ఇంట్లో ఒక ప్రశ్న అనుకుని పెట్టుకున్నాం. ఏదో ఇక్కడ రాయను. మా ఇంటి మనుషులకు తప్ప ఎవరికీ జవాబు తెలియదు, ఫేస్‌బుక్‌లో వెతికినా దొరకదు. మా అత్త అదే అడిగింది. అవతలివాడు మాట మార్చి, కేకలేసి, పెట్టేశాడు. తర్వాత ఆమె ఆయన పాత నంబర్‌కు చేస్తే డ్యూటీలో ఉన్నాడు. మా అత్త బడికి పోలేదు. అయినా ఆ రోజు ఇల్లు కాపాడింది ఆమే. పెద్దవాళ్లకు చేతకాదని ముందే అనుకోవద్దక్కా.

ఆదోని ఆడబిడ్డ

అందరికీ దండాలు. రాత్రి అన్నతో మాట్లాడాను. ముందు కోపం చేశాడు, కోడుమూరు రైతు సంగతి చదివి వినిపిస్తే మెత్తబడ్డాడు. ఆదివారం నేను పోతున్నాను, ఇద్దరం కూర్చుని ఫోన్ సరిచేసి ఇస్తాం. ఇంకొక సందేహం. ఆ కాల్‌లో నాయన ఆధార్ నంబర్, బ్యాంకు పేరు చెప్పేశాడంట. దానితో ఏమైనా చేస్తారా?

కర్నూలు క్యాషియరమ్మ

ఆ రెండూ తెలిసినంత మాత్రాన డబ్బు తీయలేరు తల్లీ. వేలిముద్ర కూడా ఉండాలి. ఆధార్, వేలిముద్రలతో డబ్బు తీసే పద్ధతి ఊళ్లలో ఉంది కదా, దొంగ వేలిముద్రలు తయారుచేసి దాన్ని వాడుకున్న కేసులు ఉన్నాయి. కాబట్టి ఆధార్ వాళ్ల యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేయండి. ఒకటి గుర్తుంచుకో. లాక్ చేశాక రేషన్ షాపులో గానీ, ఒకటో తేదీ పింఛను ఇచ్చేటప్పుడు గానీ ఆయన వేలిముద్ర పడదు. అంతకు ముందు యాప్‌లో కాసేపు అన్‌లాక్ చేసుకోవాలి. ఆ పని అమ్మకు కూడా నేర్పించు, లేకపోతే మిషన్ పనిచేయడం లేదని తిరిగి వచ్చేస్తారు.

టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పొచ్చు. డబ్బు పోలేదు కాబట్టి ఆ కాల్ వచ్చిన నంబర్ మీద అదే చోట చక్షు అనే విభాగంలో, మోసపు కాల్స్ గురించి చెప్పే చోటది, ఫిర్యాదు చేయండి. కాల్ లిస్టులోంచి దాన్ని తుడిచేయొద్దని మీ అన్నకు ఇవాళే చెప్పు.