ఒరాకిల్స్ వరుస ఒక్కరే చెప్పాలా, ఎవరిది వాళ్ళే గుర్తుపెట్టుకోవాలా?

కోట_జంక్షన్ (విజయనగరం):
వాల్ట్ ఆఫ్ గ్లాస్ ఆడుతున్న మన రెండు జిల్లాల వాళ్ళకీ ఈ ప్రశ్న. పోయిన శనివారం కూడా ఒరాకిల్స్ దగ్గరే రాత్రంతా గడిచిపోయింది. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. డెస్టినీ 2 అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఇదొక రైడ్, అంటే ఆరుగురు కలిసి ఆడాల్సిన పెద్ద దాడి. టెంప్లర్ అనే పెద్ద శత్రువు ముందున్న బయలులో ఏడు చోట్ల ఒరాకిల్స్ అనే వెలుగు ముద్దలు పుడతాయి. ఒక్కొక్కటీ గంట కొట్టినట్టు మోగుతూ ఒక వరుసలో కనిపిస్తుంది. ఆ వరుసని రెండుసార్లు చూపిస్తుంది. ఆ తర్వాత మనం అదే వరుసలో వాటిని పేల్చాలి. మొదట మూడే వస్తాయి, పోను పోను ఏడు అవుతాయి. వరుస తప్పితే అందరి మీదా ముద్ర పడుతుంది. మళ్ళీ తప్పితే టీమ్ మొత్తం పోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మైక్‌లో ఒక్క గొంతే వినిపించాలి. ఒకరు వెనక నిలబడి చూసి, ఎల్2, ఎమ్, ఆర్3 (ఎడమ రెండు, మధ్య, కుడి మూడు) అని వరుస చెబుతారు. మిగతా ఐదుగురూ మాట్లాడకుండా యాడ్స్‌ని (చిల్లర శత్రువుల్ని) చంపుతూ, చెప్పినప్పుడు చెప్పినది పేలుస్తారు. పోయినసారి నలుగురు ఒకేసారి అరిచారు. ఎవరి మాట వినాలో ఎవరికీ తెలియలేదు.

బొబ్బిలి_తంత్రి:
గురూ, నేను ఒప్పుకోను. ఒక్కరు ఏడు గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒక్కొక్కరు ఒక్క అంకె గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. తలా ఒక చోటు పంచుకుందాం. నాకు ఎల్2 ఇచ్చారనుకో, నేను ఎల్2 తప్ప ఇంకేదీ చూడను. అది ఎన్నోదిగా మోగిందో లెక్కపెట్టుకుంటాను. నాలుగోది అయితే "మూడు పోయింది" అన్న మాట వినగానే నాది కొట్టి "నాలుగు పోయింది" అంటాను. మైక్‌లో అంతకుమించి మాట అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఏడు చోట్లకీ ఏడు వేరు వేరు శ్రుతులున్నాయి. కళ్ళతో చూడక్కర్లేదు, చెవితో పట్టుకోవచ్చు. మా ఇంట్లో వీణలు చేస్తారు. మెట్లు మైనంలో కూర్చోబెట్టి, ఒక్కోదాన్నీ మీటి విని, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మీటడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ చెవితో వింటే ఏ ఒరాకిల్ ఎక్కడ మోగిందో వెనక్కి తిరగకుండానే తెలుస్తుంది. హాబ్‌గాబ్లిన్లు దూరం నుంచి గురిపెట్టి కొడుతుంటే ఒకే చోట నిలబడి ఏడింటినీ చూడటం ఎవరి తరం?

రాజాం_కుర్రోడు:
ఏ పద్ధతైనా నాకు పర్లేదు. శనివారం ఉందా లేదా?

నాగావళి_ఒడ్డు:
ముందు నంబర్ల సంగతి తేల్చండి. ఎల్1 అంటే మనకి దగ్గరిదా, టెంప్లర్‌కి దగ్గరిదా? ఒకరు దగ్గర నుంచి దూరానికి లెక్కపెడతారు, ఇంకొకరు దూరం నుంచి దగ్గరికి లెక్కపెడతారు. యూట్యూబ్ వీడియోల్లో కూడా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. ఇది తేలకుండా ఒక్కరు చెప్పినా ఆరుగురు చెప్పినా దండగే.

కోట_జంక్షన్:
@బొబ్బిలి_తంత్రి తమ్ముడూ, నీ చెవి గొప్పదే, కాదనను. కానీ మిగతా ఐదుగురికీ ఆ చెవి లేదు. మహారాజా సంగీత కళాశాల వెనక వీధిలోనే నేను పుట్టి పెరిగాను. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. పొద్దున లేస్తే వయొలిన్ సాధన వినిపించేది. అయినా నాకు ఆ ఏడు శ్రుతులకీ తేడా తెలియదు. అందరూ చేయగలిగితేనే అది పద్ధతి అవుతుంది.

రెండో మాట. మనం ఆరుగురం, ఒరాకిల్స్ ఏడు. ఆ ఏడోది ఎవరిది? మూడో మాట. నీ పద్ధతిలో ఒకరు చచ్చి పడిపోతే వాళ్ళ అంకె వాళ్ళతోనే పోతుంది. "మూడు పోయింది" అని చెప్పేవాళ్ళే లేకపోతే నాలుగోవాళ్ళు ఎదురుచూస్తూ నిలబడతారు. గొలుసు అక్కడే తెగిపోతుంది.

బొబ్బిలి_తంత్రి:
ఏడోది మధ్యలో నిలబడ్డవాళ్ళది. ఎమ్‌తో పాటు పక్కది కూడా చూసుకుంటారు, రెండు అంకెలు గుర్తుపెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ఇక చావు సంగతి. ఎవరైనా చస్తే నా పద్ధతిలో పోయేది ఒక్క అంకె. మిగతావి తెలుసు కాబట్టి మిగిలిందేదో లెక్క కట్టి చెప్పొచ్చు. మీ పద్ధతిలో చెప్పేవాళ్ళు చస్తే ఏడూ పోతాయి. పోయినసారి జరిగింది అదే కదా, అన్నా. ఆరో ఒరాకిల్ దగ్గర మీకు దెబ్బ తగిలింది, మేం ఐదుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం.

కోట_జంక్షన్:
నాకు దెబ్బ ఎందుకు తగిలింది? నా ఎడమ వైపు హాబ్‌గాబ్లిన్‌ని చంపాల్సినవాళ్ళు చంపలేదు కాబట్టి. ఎవరో పేరు చెప్పను.

నాగావళి_ఒడ్డు:
ఎల్ వైపు చూస్తున్నది నేనే. మీరు ఎల్3 అన్నారు, నా లెక్కలో అది ఎల్1. నేను అటు తిరిగాను. అందుకే మళ్ళీ అడుగుతున్నాను, నంబర్లు ఏ వైపు నుంచి?

చీపురుపల్లి_బండి:
ఇద్దరు చెబితే పోలా? ఎడమవి ఒకరు, కుడివి ఒకరు.

పలాస_జీడితోట:
నేను ఇక్కడ ఎక్కువ రాయను. కానీ ఒక్కటి అడగాలి. ఒరాకిల్స్ ఒక్క గొంతుతో దాటేశామే అనుకుందాం. చివర్న వచ్చే పెద్ద శత్రువు ఏథియన్ దగ్గర ఏం చేస్తాం?

ఏథియన్ ఆరుగురిలో ముగ్గురిని గతంలోకో భవిష్యత్తులోకో లాగేస్తాడు. ఎవరిని లాగుతాడో ముందు తెలియదు. లోపల ఒరాకిల్స్ పేల్చాల్సింది ఆ ముగ్గురే, కానీ వరుస కనిపించేది బయట ఉన్నవాళ్ళకి. బయటివాళ్ళు చదివి చెప్పాలి, లోపలివాళ్ళు విని కొట్టాలి. కోట అన్నని లోపలికి లాగేస్తే బయట చదివేది ఎవరు? మనలో ఎవరికీ వరుస పట్టుకునే అలవాటే లేదు. టెంప్లర్ దగ్గర నేర్చుకోకపోతే ఏథియన్ దగ్గర కొత్తగా నేర్చుకోలేం. 2014లో వచ్చిన మొదటి డెస్టినీలో ఇలా ఉండేది కాదు. 2021లో ఈ రైడ్‌ని డెస్టినీ 2లోకి తెచ్చినప్పుడు మార్చారు. పాత వీడియోలు చూసి ఆడేవాళ్ళకి ఇది తెలియదు.

రాజాం_కుర్రోడు:
ఇది పాయింట్.

కోట_జంక్షన్:
ఈ చర్చ టెంప్లర్ ముందు వచ్చే ఒరాకిల్స్ గురించి. ఏథియన్ గురించి వేరే చర్చ పెట్టుకుందాం. ఇవతలి గట్టే దాటలేదు, అవతలి గట్టు సంగతి ఎందుకు?

పలాస తమ్ముడూ, కోప్పడకు, కానీ నీ మైక్‌లో వరుస చెబితే ఎవరికి వినిపిస్తుంది? ప్రతి పది నిమిషాలకీ రైలు కూత. ఒరాకిల్ మోగినప్పుడే కూత వస్తే గంట ఏదో కూత ఏదో తెలియదు. ఆ రోజు మధ్యలో కరెంటు పోయి మాయమైపోయావు కూడా.

పలాస_జీడితోట:
అన్నా, మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. హౌరా చెన్నై లైను మీద రైళ్ళు నన్ను అడిగి రావు. అందుకే మీరు చెప్పినట్టు మైక్ మ్యూట్‌లోనే పెడుతున్నాను. మాట్లాడాలన్నప్పుడు మాత్రమే బటన్ నొక్కుతాను. ఇక కరెంటు అంటారా, తిత్లీ తుఫాను చూసిన ఊరు మాది. గట్టిగా గాలి లేస్తే ముందే లైను ఆపేస్తారు. ఆ రోజు గాలివాన. ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చాను. వచ్చేసరికి నా చోట్లో వేరే మనిషి ఉన్నారు.

అది కూడా ఇక్కడే రాస్తాను, దాచుకుని ఏం లాభం? వేసవిలో ఒకసారి టెంప్లర్‌ని చంపాం. ఆ రాత్రంతా కుడి వైపు యాడ్స్ నేనే చూశాను. ఒక్క ఒరాకిల్ కూడా నా వంతుకి రాలేదు, నేను అడగనూ లేదు. ఏథియన్ దగ్గరికి వచ్చేసరికి "తమ్ముడూ, నీ నెట్ బాగాలేదు, ఈ ఒక్కదానికీ మా ఫ్రెండ్‌ని తీసుకుంటాం" అన్నారు. హైదరాబాద్‌లో ఉండే మీ ఫ్రెండ్ వచ్చారు, ఏథియన్ చచ్చాడు, ఆయనకి మిథోక్లాస్ట్ తుపాకీ పడింది. గ్రూప్‌లో ఫొటో పెట్టారు. నేను కంగ్రాట్స్ అని పెట్టాను.

ఒక్క గొంతు అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఐదుగురు ఎప్పటికీ యాడ్స్ చంపుతూనే ఉంటారు. పని రాదు కాబట్టి ఎప్పుడైనా తీసేయొచ్చు.

రాజాం_కుర్రోడు:
ఈ సంగతి నాకు తెలియదు గురూ.

కోట_జంక్షన్:
తీసేయొచ్చు అని ఎవరన్నారు? ఆ రోజు తెల్లవారుజాము మూడు దాటింది. మిగతా నలుగురూ నిద్రకి తూలుతున్నారు. గేమ్‌లో నీ మనిషి నిలబడ్డ చోటే నిలబడిపోతున్నాడు, తర్వాత ఒక్కసారిగా ఇంకెక్కడో తేలుతున్నాడు. అప్పుడు టీమ్ కోసం ఆలోచించానా, నా కోసం ఆలోచించానా?

నా పరిస్థితి కూడా చెబుతాను. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టులు నావి. వారంలో నాకు దొరికేది ఒక్క శనివారం రాత్రి. మంగళవారం రాత్రి పదిన్నరకి గేమ్ రీసెట్ అయితే చెక్‌పాయింట్ (అప్పటిదాకా ఆడి చేరిన చోటు) పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. అంతకుముందు ఇంకో టీమ్‌లో ఉండేవాణ్ణి. అక్కడ అందరికీ అన్నీ నేర్పించాను, బొబ్బిలి తమ్ముడు చెప్పినట్టే తలా ఒక చోటు పంచాను. నేర్చుకున్న నలుగురూ బెంగళూరు వాళ్ళ టీమ్‌కి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా ముందు చెప్పలేదు. శనివారం లాగిన్ అయితే ఆన్‌లైన్‌లో వాళ్ళు వేరేవాళ్ళతో వాల్ట్ ఆడుతున్నట్టు కనిపించారు. నన్ను అడిగితే, వరుస ఒక్కరి దగ్గరుంటే కనీసం ఆ ఒక్కరైనా టీమ్‌లో ఉంటారు.

బొబ్బిలి_తంత్రి:
అంటే వేరేవాళ్ళు చేసినదానికి మేం నేర్చుకోకూడదా?

కోట_జంక్షన్:
అలా అనలేదు.

బొబ్బిలి_తంత్రి:
అలాగే ఉంది అన్నా. మేం ఎక్కడికి పోతాం? బెంగళూరు టీమ్‌లో హిందీ, ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో "ఓరి, ఎనకాల, ఎనకాల" అని అరిస్తే అర్థమయ్యేవాళ్ళున్నారు. అందుకే ఉన్నాం. పైగా ఈ రైడ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, ఉచితం. కాలేజీ పిల్లలం మాకు ఆడుకోవడానికి దొరికిన మంచి రైడ్ ఇదే. దాన్ని సగం సగం ఆడి ఏం లాభం?

టెక్కలి_అక్క:
పొద్దున్నుంచీ చదువుతున్నాను. నేను ఢిల్లీ, లక్నో వాళ్ళ టీమ్‌లో ఆడతాను. మాకు ఒక నియమం ఉంది. మొదలుపెట్టినవాళ్ళు ఆరుగురే ముగించాలి. ఎవరికైనా నెట్ పోతే ఆగుతాం, తెల్లారిపోతే చెక్‌పాయింట్ అట్టేపెట్టి మర్నాడు వస్తాం. మనిషిని మార్చాలంటే ఆ మనిషే సరేననాలి. దీని వల్ల కొన్ని వారాలు ఏథియన్ ముఖమే చూడలేదు. కానీ మా టీమ్‌లో ఇప్పుడు ఆరుగురికీ వరుస చదవడం వచ్చు.

కోట బాబూ, నువ్వు ఒక్కడివే చెబితే ఒరాకిల్స్ తొందరగా దాటుతారు, అది నిజమే. పలాస అబ్బాయి అడుగుతున్నది అది కాదు. తన చోటు తనకి ఉంటుందా అని అడుగుతున్నాడు. దానికి నువ్వింకా జవాబు చెప్పలేదు.

నాగావళి_ఒడ్డు:
అక్కా, మీ టీమ్‌లో ఎల్1 దగ్గరిదా, దూరందా?

టెక్కలి_అక్క:
మేం ఎల్, ఆర్ వాడం. ఎడమ చివర నుంచి కుడి చివరి దాకా 1 నుంచి 7. గొడవ ఉండదు.

నాగావళి_ఒడ్డు:
అదీ మాట. ఇది అందరూ రాసుకోండి.

కోట_జంక్షన్:
షిఫ్టులో ఉన్నాను, ఇప్పుడే టీ బ్రేక్. జవాబు చెబుతాను.

శనివారం మొదలుపెట్టిన ఆరుగురమే ముగిస్తాం. మధ్యలో ఎవరినీ మార్చను. గాలివాన వస్తే ఆగుతాం. అక్క చెప్పిన 1 నుంచి 7 లెక్క పెట్టుకుందాం. ఏథియన్ దగ్గర నన్ను బయట ఉంచినా నేను చదవను, పలాస తమ్ముడు బయట ఉంటే అతనే చదువుతాడు. అతన్ని లోపలికి లాగితే బొబ్బిలి.

టెంప్లర్ ముందు మాత్రం నా పద్ధతే. ఏడు వచ్చినప్పుడు ఒక్క గొంతు ఉండాలన్నది ఇప్పటికీ నా మాట. తలా ఒక చోటు పంచితే ఒరాకిల్స్ దగ్గరే తెల్లారుతుంది, నేను పందెం కాస్తాను.

పలాస_జీడితోట:
మార్చను అన్నారు, అది చాలు అన్నా. కానీ రెండో దానికి ఒప్పుకోను. టెంప్లర్ దగ్గర ఒక్కసారి కూడా లెక్కపెట్టకుండా ఏథియన్ దగ్గర చదవమంటే నా వల్ల కాదు. మూడు, నాలుగు వచ్చే రౌండ్లు నన్ను చెప్పనివ్వండి. ఐదు దాటాక మీరు తీసుకోండి. రైలు వస్తే బటన్ వదిలేస్తాను, ఆ ఒక్కటీ మీరు అందుకోండి.

బొబ్బిలి_తంత్రి:
మూడు, నాలుగు తమ్ముడు, ఐదు నేను. అన్నకి ఆరు, ఏడు.

కోట_జంక్షన్:
ఐదు కూడా నాదే.

బొబ్బిలి_తంత్రి:
ఐదు నాకివ్వండి అన్నా.

కోట_జంక్షన్:
సరే, ఐదు నీది. రాత్రి తొమ్మిదిన్నరకి అందరూ డిస్కార్డ్‌లో ఉండండి. పలాస తమ్ముడూ, ఇన్వర్టర్ ఉంటే రూటర్‌కి కూడా కనెక్షన్ ఇవ్వు.

రాజాం_కుర్రోడు:
అయితే శనివారం ఉన్నట్టే కదా?