‘చట్రం’ అనే మాట ఫ్రేమ్‌వర్క్‌కు సరిపోతుందా?

ప్రశ్న (విజయవాడ సభ్యురాలు): ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం జీఆర్‌పీసీ (ఒక కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మరో కంప్యూటర్‌లోని సేవను పిలిచేందుకు తోడ్పడే సాఫ్ట్‌వేర్) ప్రయోజనాలపై పాఠం రాస్తూ, ‘ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్’ను ‘బహిరంగ మూల చట్రం’ అన్నాను. చట్రమనగానే బంధనం స్ఫురిస్తోందని మా సహోద్యోగి ఒకరు అభ్యంతరం చెప్పారు. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు (గుంటూరు సభ్యుడు): అమ్మా, ఆ అనుమానం నిరాధారం కాదు. ‘పాత సిద్ధాంతాల చట్రంలో ఇరుక్కున్నాడు’ అనే మాటలో మెచ్చుకోలు ఏమీ లేదు. అయినా ఆ బిగింపే ఇక్కడ మనకు కావలసిన అర్థమని నా వాదన. లైబ్రరీని, అంటే ముందే రాసి ఉంచిన కోడ్‌ను, మన ప్రోగ్రాం పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్కో, తానే మన ప్రోగ్రాంను పిలుస్తుంది. కిటికీ చట్రానికి తగ్గట్టు రెక్కలు చేయించినట్లే, జీఆర్‌పీసీలో సేవల పేర్లనూ సందేశాల రూపాన్నీ ఒక ప్రోటో ఫైలులో ముందే రాసుకుంటే, జావాకూ పైథాన్‌కూ గో భాషకూ కావలసిన కోడ్ దాని నుంచే తయారవుతుంది కనుక, బెంజ్ సర్కిల్‌లోని ఆఫీసులో పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం ఎక్కడో దూరపు సర్వర్‌లో జావాలో ఉన్న సేవను, తనలోని ఫంక్షన్‌ను పిలిచినట్లే పిలవగలదు. (నెట్‌వర్క్ ఆలస్యం ఎటూ తప్పదు, అందుకే ప్రతి పిలుపుకూ గడువు పెట్టే వీలు ఉంది.)

నా అభ్యంతరమల్లా ‘బహిరంగ’ మీదే. బహిరంగ సభకు ఎవరైనా వెళ్లి వినవచ్చు గాని, వేదిక ఎక్కి మాట్లాడలేరు. గూగుల్ తన లోపల వాడుకున్న ఇలాంటి వ్యవస్థ స్టబ్బీ అనుభవంతో రూపొందించి 2015లో బయటపెట్టిన జీఆర్‌పీసీని, నేటి అపాచీ 2.0 లైసెన్సు ప్రకారం, చదవడమే కాక మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. లోపం ఎక్కడుందో కోడ్ విప్పి చూడగలగడం, ఒకే కంపెనీ దయ మీద ఆధారపడకపోవడం ఈ హక్కు వల్ల కలిగే లాభాలే. ‘ఉచిత’ అనీ అనవద్దు. సంస్కృతంలో ‘తగినది’ అనే అర్థమున్న ఆ మాట (‘అనుచితం’లో అది నేటికీ నిలిచి ఉంది) తెలుగులో పైకం లేకుండా దొరికేదయింది, ఇక్కడి విషయం ధర కాదు. కాబట్టి ‘ఓపెన్ సోర్స్ చట్రం’ అనే రాయండి.

సభ్యురాలు: కృతజ్ఞతలండీ. ‘స్టబ్’ను నిఘంటువు చూసి ‘మోడు’ అన్నాను. అదీ మార్చాలా?

జవాబు: తప్పక మార్చాలి. దూరాన ఉన్న సేవ తరఫున మన దగ్గరే ఉండి, పిలుపును సందేశంగా మలచి పంపి, జవాబు తెచ్చి ఇచ్చేదాన్ని మోడు అంటే విద్యార్థులు ఎండిన చెట్టును ఊహించుకుంటారు. ‘ప్రతినిధి’ అనండి.