అత్తగారి డబ్బాలో గింజలు చల్లాను – ఏది పూలమొక్కో ఏది కలుపో చెప్పండి

సింగ్‌నగర్ ఇల్లాలు:
మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లో నడుములోతు నిలిచాయి. కుండీలు కొట్టుకుపోయాయి, మల్లెపాదు కుళ్ళిపోయింది. మిగిలిందల్లా అటక మీదున్న అత్తగారి గింజల డబ్బా. పెరట్లో ఏ పువ్వు ఎండినా ఆవిడ గింజలు తీసి పొట్లం కట్టి దాస్తారు. సామాన్లు పైకెక్కించే హడావుడిలో పొట్లాలన్నీ విడిపోయి గింజలు కలిసిపోయాయి.

దసరా వెళ్ళాక ప్రహరీ వెంట పేరుకున్న ఒండ్రు చదును చేసి, ఆ గింజల్లో రెండు గుప్పిళ్ళ ఇసుక కలిపి చల్లేశాను. ఇప్పుడు కార్తీకం, నేలంతా మొక్కలే. అత్తగారికి రెండు కళ్ళకీ శుక్లాలు, ఆపరేషన్ సంక్రాంతి తర్వాత అన్నారు. రోజూ అరుగు మీద కూర్చుని “ఏమొచ్చాయమ్మా?” అని అడుగుతున్నారు. కలుపనుకుని ఆవిడ మొక్కల్నే పీకేస్తానేమోనని నాకు చెయ్యి ఆడటం లేదు.

ఎక్కువగా ఉన్నది క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా, నేలకంటుకుని పళ్ళెంలా పరుచుకున్నది. ఆకు మీద సన్నటి నూగు. గేటు బయట కాలవ గట్టునా ఇదే ఉంది. దాని పక్కనే ఇంకోటి, అదీ చీలికల ఆకే గానీ నిటారుగా లేచింది, అంచుకి రంపపు పళ్ళు. మూడో రకానికి కాడ లావుగా, లోపల నీళ్ళు పోసినట్టు నిగనిగలాడుతోంది. నాలుగోది కణుపుల దగ్గర ఉబ్బి ఉంది, ఆకు తమలపాకులా ఉంటుంది గానీ చిన్నది. ఐదోది అచ్చం తోటకూర, కాడ ఎర్రగా. మా వారు పప్పులో వేద్దామంటున్నారు. శంఖుపూల గింజలు కూడా ఉండాలి, తీగ మాత్రం ఒక్కటీ కనపడలేదు.

గుంటూరు మేడతోట:
అక్కా, ఆ పళ్ళెంలా పరుచుకున్నది వయ్యారిభామ. మీ డబ్బాలోది కాదు, వరదనీళ్ళే తెచ్చి పోశాయి. ముందు దాన్ని తీసెయ్యండి. నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగాలి, తెల్లపూత రాకముందే. పూసిందంటే ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. చేతులకి తొడుగులు లేకుండా మాత్రం ముట్టుకోకండి. బ్రాడీపేటలో మా పక్క ఖాళీ స్థలంలో ఉత్త చేతుల్తో పీకి, మోచేతుల దాకా దద్దుర్లతో నెల్లాళ్ళు అవస్థపడ్డాను.

నిటారుగా లేచింది బంతి. ఆ ఆకు కొంచెం నలిపి వాసన చూడండి, మీకే తెలిసిపోతుంది.

తెనాలి రైతుబిడ్డ:
కణుపులు ఉబ్బినది చంద్రకాంత. వేరు దుంపలా కిందికి దిగిపోతుంది కాబట్టి, చోటు మార్చేదుంటే ఇప్పుడే మార్చండి. సాయంత్రం నాలుగింటికి విచ్చుకుంటుంది. గింజ మిరియంలా ఉంటుంది గానీ విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే కనిపెట్టుకుని ఉండండి. కాడ నిగనిగలాడే మూడోది చిలకగోరింట. ఎండ కాస్త తగ్గినా ఫరవాలేదు, ఒక్కపూట తడి ఆరితే మాత్రం తల వాల్చేస్తుంది. కాయ ముదిరాక వేలు తగిలితే చాలు టప్పున పగిలి గింజలు చిమ్ముతుంది. గింజ కావాలంటే ముందే పల్చటి గుడ్డ కట్టండి.

బంతి గుంపుగా ఉంటే అడుగుకొకటి ఉంచి, మిగతావి సాయంత్రం పూట మట్టితో సహా లేపి వేరేచోట నాటండి. జానెడు ఎత్తయ్యాక తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, పూలు బాగా పూస్తాయి. కాకపోతే పూత వెనకబడుతుంది. ధనుర్మాసం మొదట్లోనే గొబ్బెమ్మలకి పూలు కావాలంటే సగం మొక్కలకే తుంచండి, మిగతా సగాన్ని వాటి మానాన వదిలేయండి. ఒండ్రు ఎండితే పైన పెచ్చు కడుతుంది, నీళ్ళు దిగవు. వారానికోసారి బొరిగెతో గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి.

పటమట మాస్టారు:
అమ్మా, ఐదోది వండకండి. కోడిజుట్టు పువ్వూ తోటకూరా ఒకే కుటుంబం, లేతగా ఉన్నప్పుడు ఆకు చూసి విడదీయడం కష్టం. ఏదైనా సరే, మురుగు కలిసిన వరద ఒండ్రులో మొలిచింది. ఈ ఏడు ఆ మట్టిలోంచి ఏ ఆకుకూరా తినొద్దు. శంఖు గింజకి తోలు గట్టిది. డబ్బాలో మిగిలుంటే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పెట్టండి, మొలక త్వరగా వస్తుంది.

మరో మాట. మీ అత్తగారికి చూపు లేకపోతేనేం, ముక్కు ఉంది, వేళ్ళున్నాయి. ఆ కలుపు తీసేశాక ఆవిణ్ణే మొక్కల దగ్గరికి తీసుకెళ్ళండి.

సింగ్‌నగర్ ఇల్లాలు:
అందరికీ ఎంతో రుణపడ్డాను. వయ్యారిభామ రెండు బేసిన్లు వచ్చింది. నిన్న సాయంత్రం పీట వేసి అత్తగారిని మడి పక్కన కూర్చోబెట్టాను. బంతాకు ముక్కు దగ్గరికి రాకముందే చెప్పేశారు. చంద్రకాంత కణుపు మీద బొటనవేలు రెండుసార్లు ఆడించి, “ఇది మా పుట్టింటి నించి తెచ్చిన గింజ” అన్నారు. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళలో తెలియదు. ఐదోదాని ఆకు తడిమి, కాడ ఏ రంగని అడిగారు. ఎరుపన్నాను. “అయితే కోడిజుట్టే, పువ్వూ ఎర్రగానే వస్తుంది” అన్నారు.

లెక్కపెడితే బంతి ముప్పై ఒకటి, చంద్రకాంత తొమ్మిది. చివర గోడ మూల ఒక్కటి మిగిలింది, దాన్ని మొదలు నుంచి చివరి దాకా తడిమి, వాసన చూసి, చాలాసేపు ఊరుకున్నారు. “తెలీటం లేదు, ఉంచు” అన్నారు. పక్కన పుల్ల గుచ్చి ఎర్రదారం కట్టాను. పూశాక ఫోటో పెడతాను.