ఉగాది సాయంత్రం, రెడింగ్ (ఇంగ్లండ్), మార్చి 28: యువత నిధి, పనుల పంపకం

సమన్వయం:
అందరికీ నమస్కారం. 2026 ఉగాది గురువారం, మార్చి 19న వస్తోంది. ఎప్పటిలాగే మన పండుగ శనివారం చూసుకుని వెనక్కి జరిగింది. మార్చి 28 సాయంత్రం 4 నుంచి రాత్రి 10 వరకు హాలు మనది. ఆ రాత్రే గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. హాలు ఊడ్చి తాళాలు అప్పగించేవాళ్లకు ఒక గంట నిద్ర తగ్గుతుందని ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

ఈసారి మిగిలిన డబ్బంతా 16 నుంచి 25 ఏళ్ల పిల్లల చదువుకు, పనికి అడ్డుపడుతున్న ఖర్చులకు ఇద్దామని అనుకున్నాం. ఎలా ఇవ్వాలన్నదే తేలలేదు. నా మాట ఇది: లక్ష్యం 3,000 పౌండ్లు. ఒక్కొక్కరికి 150కి మించకుండా ఇరవై మందికి. అడిగిన అయిదు రోజుల్లో చేతికి అందాలి. వేదిక మీద చెక్కు, శాలువా, ఫొటో ఏవీ వద్దు.

ఇంత చిన్న మొత్తమా అని కొందరు ఫోనులోనే అడిగారు. ఈ దేశంలో 16–24 ఏళ్ల మధ్య చదువూ, పనీ, శిక్షణా లేకుండా ఉన్నవాళ్లు తొమ్మిది లక్షలకు పైనే. ఆ లెక్కన మన మూడు వేలు సముద్రంలో కాకిరెట్ట, ఒప్పుకుంటాను. కానీ ఒక్క కుర్రవాడి సంగతి తీసుకోండి. ఇటుక పని నేర్చుకున్నాడు, ఒక చోట రమ్మన్నారు. చాలా నిర్మాణ స్థలాల్లో సీఎస్‌సీఎస్ కార్డు (నిర్మాణ పనివాళ్ల గుర్తింపు కార్డు) లేకపోతే గేటు దాటనివ్వరు. కార్డుకు 36 పౌండ్లు, అంతకు ముందు రాసే భద్రతా పరీక్షకు వేరే రుసుము. ఇనుప ముక్కు బూట్లు కొనుక్కోవాలి. మొదటి వారం బస్సు ఖర్చు సరేసరి. అన్నీ కలిపినా నూట యాభై అటూ ఇటూ. జీతం వచ్చేది నెలాఖరుకు, ఇవన్నీ కావలసింది సోమవారం పొద్దున.

బస్సు దగ్గర ఇంకొంచెం ఆగుతాను. లండన్‌లో 16, 17 ఏళ్ల పిల్లలకు బస్సు ఉచితం, మన రెడింగ్‌లో కాదు. ఇంగ్లండ్‌లో ఒక ప్రయాణానికి 3 పౌండ్ల పరిమితి పెట్టారు కాబట్టి పోనూ రానూ 6 దాకా, వారానికి 30 దాకా. పాసు తీసుకుంటే తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, కానీ పాసుకు డబ్బంతా ముందే కట్టాలి. చేతిలో అంత లేనివాడు రోజూ టికెట్టే కొంటాడు, చివరికి ఎక్కువ ఖర్చు పెట్టేదీ వాడే. ఒకప్పుడు ఇలాంటి ఖర్చులకు ఇంగ్లండ్ పిల్లలకు వారం వారం ఈఎంఏ అనే భృతి వచ్చేది. 2011లో ఇక్కడ ఆపేశారు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ఇప్పటికీ ఉంది. ఇక్కడ దాని స్థానంలో కాలేజీల ద్వారా 16–19 బర్సరీ (ఆ వయసు విద్యార్థుల ఖర్చులకు సాయం) ఇస్తున్నారు. దాని గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మన దగ్గరికి వచ్చిన పిల్లవాడిని మొదట అడగవలసిన ప్రశ్న అదే: కాలేజీలో బర్సరీకి అర్జీ పెట్టావా? పెట్టకపోతే కూర్చోబెట్టి పెట్టిద్దాం. మన డబ్బు ఆ తర్వాతే.

వేదిక, అలంకరణ:
అక్కా, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ దాతలకు ఏదో ఒకటి కనబడాలి కదా? నిరుడు పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగినప్పుడే ఇంకో ఇద్దరు ముందుకొచ్చి ఇచ్చారు. పైగా కింగ్స్ ట్రస్టు లాంటి పెద్ద సంస్థలు కూడా పిల్లల కథలు చెప్పుకునే నిధులు తెచ్చుకుంటాయి. మనకు మాత్రం తప్పా?

నమోదు బల్ల:
అన్నగారూ, నిరుడు ఆ చెక్కు అందుకున్న అమ్మాయిని వేదిక వెనక నుంచి తీసుకొచ్చింది నేనే. మెట్ల దగ్గర ఒక్క మాట అడిగింది: “మా అమ్మ పనిచేసే చోటివాళ్లు ఎవరైనా హాల్లో ఉన్నారా ఆంటీ?” ఉన్నారు. మూడో వరుసలో. ఆ తర్వాత మన దసరాకు రాలేదు, సంక్రాంతి ముగ్గులకూ రాలేదు. ఇంతకు ముందు ప్రతిసారీ వచ్చేది.

కొత్త సంవత్సరం పేరు పరాభవ. పంచాంగ శ్రవణంలో ఆ పేరు ఎలాగూ చదువుతాం. పిల్లలను వేదిక ఎక్కించి దాన్ని మనమే సార్థకం చేయాలా? దాతలకు కనబడాలంటే లెక్క చూపిద్దాం: ఇన్ని బూట్లు, ఇన్ని పరీక్ష రుసుములు, ఇన్ని బస్సు పాసులు అని. పేర్లు వద్దు.

ట్రస్టు మాట వచ్చింది కాబట్టి: 1976లో నాటి యువరాజు ఛార్లెస్ నౌకాదళం నుంచి బయటకు వచ్చినప్పుడు చేతికి వచ్చిన 7,400 పౌండ్లతో దాన్ని మొదలుపెట్టాడు. మనమూ చిన్నగానే మొదలుపెడదాం. వాళ్లు 11 నుంచి 30 ఏళ్ల వాళ్లకు సాయం చేస్తారు, ఆ కరపత్రాలు నా బల్ల మీద పెడతాను.

వేదిక, అలంకరణ:
మూడో వరుస సంగతి నాకు తెలియదమ్మా. చెక్కు వద్దు. శాలువాలూ జ్ఞాపికలూ కూడా తీసేస్తున్నాను, ఆ 180 పౌండ్లు నిధిలో వేసుకోండి. ముఖ్య అతిథికి మాత్రం ఒక శాలువా ఉండనివ్వండి, లేకపోతే మా ఇంట్లో ఊరుకోరు.

కోశాధికారి:
లెక్క చూడండి. 200 టికెట్లు, ఒక్కోటి 12 పౌండ్లు, మొత్తం 2,400. అది హాలుకు, భోజనానికి సరిపోతుంది, పైసా మిగలదు. నిధి రావలసింది విరాళాల నుంచే. 2,000 విరాళంగా వచ్చి, ఇచ్చినవాళ్లందరూ ఇక్కడ పన్ను కట్టేవాళ్లై గిఫ్ట్ ఎయిడ్ (విరాళం మీద కట్టిన పన్నును ప్రభుత్వం చారిటీకి ఇచ్చే పద్ధతి) పత్రం నింపితే పౌండుకు 25 పెన్సుల చొప్పున ఇంకో 500 వస్తుంది. లక్కీ డ్రాలో ఇంకో 500. అక్కడికి మూడు వేలు. శాలువాల డబ్బు మనకు ఊపిరి.

రెండు జాగ్రత్తలు. భోజనం ఉన్న టికెట్టుకు గిఫ్ట్ ఎయిడ్ రాదు, డ్రా చీటీలకూ రాదు. వాటినీ విరాళాలనూ ఒకే డబ్బాలో వేయకండి, పోయినసారి విడదీయలేక రెండు రాత్రులు కూర్చున్నాను. డ్రా చీటీలు ఆ సాయంత్రం హాల్లోనే అమ్మాలి. వారం ముందు వాట్సాప్‌లో అమ్మితే చట్టం వేరే అవుతుంది. హాల్లోనే అమ్మే డ్రాకు లైసెన్సు అక్కరలేదు, కానీ వచ్చిన డబ్బులోంచి బహుమతులకు 500, ఖర్చులకు 100 పౌండ్లకు మించి తీయకూడదు. బహుమతులు దుకాణాలవాళ్లు ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి మనకు ఆ బెంగ లేదు.

లాటరీ డబ్బుతో సంఘాలకు సాయం చేసే నేషనల్ లాటరీ కమ్యూనిటీ ఫండ్‌కు అర్జీ పెడదామని ఎవరో అన్నారు. మంచిదే, కానీ మార్చి 28కి అందదు. వచ్చే ఏటికి పెడదాం. కమిటీలో బంధుత్వం లేని ఇద్దరైనా ఉండాలన్నది వాళ్ల షరతు. మన కమిటీలో ఎవరు ఎవరికి బావమరిది అన్నది ముందు తేల్చుకోవాలి.

ఒక సభ్యురాలు:
మా అబ్బాయి 15వ ఏట మాతో డిపెండెంటు వీసా మీద వచ్చాడు. ఈ ఏడాది యూనివర్సిటీకి వెళ్లాలి. ఇక్కడి పిల్లలకు ఫీజు 9,790 పౌండ్లు, వాడికి విదేశీ విద్యార్థుల ఫీజు, పైగా విద్యా రుణమూ రాదంటున్నారు. ఈ నిధి మాలాంటివాళ్లకు కాదా?

సమన్వయం:
అమ్మా, నిజం చెబుతాను. ఆ గొయ్యి నూట యాభైలతో పూడేది కాదు. ఆశ పెట్టి పిలవడం కంటే ఇప్పుడే చెప్పడం మంచిది. కానీ పుస్తకాలకో, ప్రవేశ పరీక్ష రుసుముకో, ఇంటర్వ్యూకు వెళ్లే రైలు ఖర్చుకో బాబు తప్పకుండా అడగవచ్చు. వీసాలో “ప్రభుత్వ నిధులు వర్తించవు” అని రాసి ఉందని భయపడవద్దు. చారిటీ ఇచ్చే సాయం ఆ లెక్కలోకి రాదు. ఇదే దారిలో పిల్లలను చదివించిన రెండు కుటుంబాలవాళ్లు ఆ సాయంత్రం ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. కోర్సుల గురించి, ఫీజుల గురించి మాట్లాడతారు. వీసా సలహా మాత్రం ఇవ్వరు. ఈ దేశంలో దానికి అనుమతి ఉండాలి, తెలిసినంత చెబుదామని మొదలుపెట్టినా తప్పే.

వడ్డనకు వచ్చే విద్యార్థుల చేతిలో ప్రేమ కొద్దీ డబ్బు పెట్టకండి. స్టూడెంటు వీసా మీదున్న డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు చదువు రోజుల్లో వారానికి 20 గంటల పని పరిమితి ఉంది. మీ ఇరవై పౌండ్ల వల్ల వాళ్లకు చిక్కు రాకూడదు. కడుపునిండా భోజనం పెట్టి, మిగిలింది డబ్బాలో కట్టివ్వండి.

ఇంకో సభ్యుడు:
ఈ డబ్బు మా ఊరి జూనియర్ కాలేజీకి పంపితే పదింతల మందికి పనికొస్తుంది.

కోశాధికారి:
నిజమే బాబాయ్. కానీ కరపత్రంలో రెడింగ్ పిల్లలకని రాసి అడుగుతున్నాం. అలా అడిగిన డబ్బు అక్కడికి పంపలేం. దానికి వేరే సాయంత్రం, వేరే డబ్బా పెడదాం.

వంటలు:
చివరికి నాకూ మాట్లాడే వంతు వచ్చింది. పులిహోరలో ఆవాలు, వేరుశనగలు, నువ్వులు ఉంటాయి. మూడూ ఇక్కడి 14 అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి. ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండి కలిసి ఉంటుంది. ప్రతి పాత్ర ముందు చీటీ ఉండాల్సిందే. రాసేవాళ్లు కావాలి, నా దస్తూరీ నాకే అర్థం కాదు. పచ్చడికి మామిడికాయలు, బెల్లం దొరికాయి. వేప పువ్వు దొరకలేదు.

నమోదు బల్ల:
చీటీలు నేను రాస్తాను. వేప పువ్వు మా అత్తగారు ఎండబెట్టి పంపింది ఒక సీసా ఉంది, తెస్తాను. ఆ అమ్మాయికి నిన్న ఫోను చేశాను. ఆ సాయంత్రం వాళ్ల అమ్మకు డ్యూటీ ఉందట, తను మాత్రం వస్తానంది. డ్రా చీటీలు అమ్ముతుందట. ఆమె ఎవరో ఎవరూ అడగవద్దు.